జీరో చూపించండి చాలు: ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్ బిల్లులపై ఒక బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ ఇంధన శాఖకు,
రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి,
తూనికలు కొలతల శాఖకు,

నమస్కారం.

మూడు ఆఫీసులకు కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు మన్నించండి. ఒక్కరికే రాస్తే "ఇది మా పరిధిలోకి రాదు, ఫలానా శాఖను సంప్రదించండి" అని జవాబు వస్తుంది. ఆ ఫలానా శాఖ మళ్లీ మొదటి శాఖ పేరే చెబుతుంది. పాసుపుస్తకంలో ఒక్క గుంట దిద్దించుకోవడానికి మా నాన్న అలా ఎన్నేళ్లు తిరిగాడో చూసినవాణ్ని. అందుకే ముగ్గురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పినట్టు రాస్తున్నాను.

నాది నల్లగొండ. చిన్న బట్టల కొట్టు ఉంది. కొట్టు పెట్టకముందు, ఇంటర్ అయ్యాక, హైవే మీద ఒక పెట్రోల్ బంకులో ఏడాది పనిచేశాను. మొదటి రోజు మేనేజర్ నేర్పింది పెట్రోల్ కొట్టడం కాదు, "జీరో చూసుకోండి సార్" అనడం. ఆ మాట అనకుండా గన్ నొక్కితే తిట్లు పడేవి. కొందరు మీటర్ వైపు చూసేవాళ్లు, కొందరు బండి దిగకుండానే ఊఁ అనేవాళ్లు. అనుమానం ఉన్నవాళ్ల కోసం ఆఫీసు గదిలో ఐదు లీటర్ల కొలపాత్ర ఉండేది, దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర. ఐదు లీటర్లకు పాతిక మిల్లీలీటర్లు అటూ ఇటూ అయితే సరే, అంతకు మించి తేడా వస్తే ఆ గన్ ఆపేయాలి. నేనున్న ఏడాదిలో ఆ పాత్ర అడిగినవాళ్లు ముగ్గురో నలుగురో. కానీ ఎవరు అడిగినా తీసి చూపించాల్సిందేనని మా అందరికీ తెలుసు. ఆ భయమే మమ్మల్ని దారిలో ఉంచింది.

2023లో సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ కారు కొన్నాను. బ్యాటరీ 30 యూనిట్లు. ఇంటి దగ్గర రాత్రి ప్లగ్ పెడితే పొద్దుటికి నిండుతుంది, కరెంటు బిల్లులో కలిసి వస్తుంది, పెట్రోల్‌తో పోలిస్తే హాయి. ఇబ్బందంతా సరుకు కోసం విజయవాడ వస్త్రలతకు వెళ్లినప్పుడే. పోను రాను ఒక్క చార్జింగ్‌తో కాదు. దారిలో ఏదో ఒక పబ్లిక్ చార్జర్ గన్ పట్టుకోక తప్పదు.

మొన్న వానాకాలంలో ఒక రాత్రి సంగతి. విజయవాడ నుంచి తిరిగొస్తున్నాం, వెనక సీటు నిండా చీరల మూటలు, పక్కన మా ఆవిడ. కోదాడ దాటి కొంత దూరం వచ్చేసరికి బ్యాటరీ 12 శాతం. ఒక హోటల్ ఆవరణలో చార్జర్ కనిపించింది. మనిషి లేడు, లైటు లేదు. మిషన్ మీద స్టిక్కర్: యూనిట్ 18 రూపాయలు. సరే, ఒక పదిహేను యూనిట్లు ఎక్కిస్తే ఇల్లు చేరతాం, 270 అవుతుంది అనుకున్నాను. ఆ కంపెనీ యాప్ నా ఫోన్‌లో లేదు. చినుకుల్లో, ఒక్క గీత సిగ్నల్‌తో డౌన్‌లోడ్ చేశాను. వ్యాలెట్‌లో కనీసం 500 వేస్తే తప్ప గన్ కదలనంది. వేశాను.

గన్ పెట్టిన 40 సెకన్లకు ఆగిపోయింది. ఫోన్‌లో "మీ సెషన్ పూర్తయింది, ధన్యవాదాలు" అని వచ్చింది. ఎక్కింది సున్నా. వ్యాలెట్‌లో మాత్రం 150 రూపాయలు పట్టి ఉంచారు. హెల్ప్‌లైన్‌కు చేస్తే పాట వినిపించింది. పక్కన ఇంకో గన్ దగ్గర చార్జింగ్ పెట్టుకుని సీటు వాల్చి పడుకున్న క్యాబ్ డ్రైవర్ ఒకతను లేచి, "అన్నా, గన్ గట్టిగ ఒత్తి పట్టుకో, లాక్ పడ్డంక ఇడువు. గా నూటయాబై మీద ఇప్పుడు ఆశ పెట్టుకోకు" అన్నాడు. అతను చెప్పినట్టే చేశాను. ఈసారి పట్టింది. మిగిలిన 350కి సరిపడా ఎక్కించుకుని 15.2 యూనిట్ల దగ్గర ఆపాను. బిల్లు 322 రూపాయల 85 పైసలు. స్టిక్కర్ మీది 18కి పైన 18 శాతం జీఎస్టీ కలిపితే యూనిట్ 21 రూపాయల 24 పైసలైంది. స్టిక్కర్ మీద జీఎస్టీ మాట ఎక్కడా లేదు. ఫోన్ టార్చ్ వేసి మరీ చూశాను.

పట్టి ఉంచిన 150 ఆరో రోజు వ్యాలెట్‌కు వచ్చింది. బ్యాంకుకు కాదు, వ్యాలెట్‌కే. ఇప్పుడు ఆ యాప్‌లో నావి 177 రూపాయల 15 పైసలు ఉన్నాయి. ఆ కంపెనీ చార్జర్ నల్లగొండలో లేదు.

కారు మీటర్ ప్రకారం 12 శాతం నుంచి 55కు చేరింది. 30 యూనిట్ల బ్యాటరీలో 43 శాతమంటే 13 యూనిట్లు. చార్జర్ 15.2 అంటోంది. మిగతా రెండు యూనిట్లు ఎటు పోయాయి? కారులో మా ఆవిడ ఏసీ వేసుకుని కూర్చుంది, కొంత దానికి పోయి ఉంటుంది. బ్యాటరీని చల్లబరచడానికి కొంత పోతుంది. కారు చూపించే శాతం కూడా గడియారంలా కచ్చితమైనదేం కాదు. కాబట్టి నన్ను మోసం చేశారని నేను అనడం లేదు. చెయ్యలేదని కూడా ఎవరూ చెప్పలేరు, నా బాధ అది. ఇంటి మీటర్ మీద అనుమానం వస్తే డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, డబ్బు కట్టి టెస్టింగ్‌కు పెట్టుకోవచ్చు. బంకులో అయితే కొలపాత్ర అడగొచ్చు. ఇక్కడ దేన్ని అడగాలి? నేను వాడిన ఒక్క చార్జర్ మీద కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర నాకు కనపడలేదు. ముద్ర పడ్డ పెట్రోల్ పంపుల్లోనే చిప్‌లు దూర్చి కొలత తగ్గించే ముఠాను 2020లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ముద్రే లేని మిషన్ల మాట ఏమిటి?

తూనికలు కొలతల శాఖ వారికి ఒక ఫొటో చూపించాలని ఉంది. కాలిఫోర్నియాలో ఉండే మా మేనల్లుడు పంపాడు. అక్కడ చార్జర్ మీద కౌంటీ తూనికల ఆఫీసు స్టిక్కర్ ఉంది, పెట్రోల్ పంపు మీద ఉన్నట్టే. చార్జింగ్ మిషన్‌ను కూడా అమ్మకపు కొలతగానే చూడాలని ఆ రాష్ట్రం రూలు పెట్టింది. 2021 నుంచి కొత్తగా పెట్టే, నెమ్మదిగా నింపే ఏసీ చార్జర్లకు, 2023 నుంచి కొత్త డీసీ ఫాస్ట్ చార్జర్లకు అది వర్తించింది. పాతవాటిని మార్చుకోవడానికి ఇంకా ఏళ్ల గడువు ఇచ్చారు. ఒక్కరోజులో అన్నీ పీకేయమనలేదు. మనమూ అలాగే చేయొచ్చు: ఇకమీదట పెట్టేవాటికి ముద్ర తప్పనిసరి, పాతవాటికి గడువు. జిల్లాకు ఒక్క టెస్టింగ్ కిట్ ఉన్నా మొదలుపెట్టవచ్చు.

ఇక ధర. ఈ విషయంలో మూడు ఆఫీసుల మధ్య ఒక సందు ఉంది, అందులో నాలాంటి వాళ్లం పడుతున్నాం.

2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఒక వివరణ ఇచ్చింది. చార్జింగ్ స్టేషన్ చేసేది కరెంటు అమ్మకం కాదు, బ్యాటరీ నింపే సేవ, కాబట్టి విద్యుత్ చట్టం కింద లైసెన్స్ అక్కర్లేదు అని. మంచి నిర్ణయమే, అది లేకపోతే ఈ స్టేషన్లే వచ్చేవి కావు. కానీ దాంతో నియంత్రణ మండలి చెయ్యి గేటు దగ్గరే ఆగిపోయింది. డిస్కం స్టేషన్‌కు యూనిట్ ఎంతకు ఇవ్వాలో మీరు బహిరంగ విచారణ పెట్టి, అందరి మాటా విని, పైసలతో సహా రాస్తారు. అదే యూనిట్ గన్ గుండా నా కారులోకి వచ్చేసరికి దాని మీద మీ మాట లేదు.

అమ్మకం కాదు సేవ అన్నారు కాబట్టి పన్ను కూడా సేవ మీద పడింది. కరెంటుకు జీఎస్టీ లేదు. ఎలక్ట్రిక్ కారు మీద 5 శాతమే. చార్జింగ్‌కు మాత్రం 18. కర్ణాటకలో చాముండేశ్వరి విద్యుత్ సరఫరా సంస్థ ఇదే ప్రశ్న అడిగితే, కరెంటు ధరను, సేవా రుసుమును కలిపి మొత్తం మీద 18 శాతం కట్టాల్సిందేనని 2023లో పన్ను సందేహాలు ముందే తేల్చే అక్కడి అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ చెప్పింది. ఇంట్లో చార్జింగ్ పెట్టుకోగలిగినవాడికి జీఎస్టీ లేదు. సొంత పార్కింగ్ లేక రోజూ పబ్లిక్ చార్జర్ మీద బతికే క్యాబ్ డ్రైవర్‌కు ఉంది. ఇది మీ చేతిలో లేదు, జీఎస్టీ కౌన్సిల్ చేతిలో ఉందని తెలుసు. కౌన్సిల్‌లో మన మంత్రిగారికి కుర్చీ ఉంది, ఇంధన శాఖ వారు ఆయన చెవిన వేస్తారని రాస్తున్నాను.

మీ చేతిలో ఉన్నదాని గురించి చెబుతాను. 2022 జనవరి కేంద్ర మార్గదర్శకాల్లో ఒక మాట స్పష్టంగా ఉంది. చార్జింగ్ స్టేషన్లకు తక్కువ ధరకు కరెంటు ఇస్తున్నాం, చాలాచోట్ల సబ్సిడీ కూడా ఇస్తున్నాం కాబట్టి అవి వసూలు చేసే సేవా రుసుముకు రాష్ట్ర ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టాలి అని. ఆ పరిమితి ఎంత, ఏ స్టేషన్‌కు వర్తిస్తుంది అన్నది వానలో గన్ పట్టుకుని నిలబడ్డ నాకు తెలిసే దారి లేదు. బిల్లులో కరెంటుకు ఎంత, సేవకు ఎంత అన్న లెక్కే లేదు. ఒకే అంకె, దానిపై జీఎస్టీ, అంతే.

2024 సెప్టెంబర్ మార్గదర్శకాలు ఇంకో అడుగు వేశాయి. పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా, ఎండ ఉండి సోలార్ కరెంటు మిగులుతున్న వేళ, స్టేషన్లకు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతుకే ఇవ్వాలి. మిగతా వేళల్లో 1.3 రెట్లు. 2028 మార్చి దాకా ఇదే పద్ధతి. ఆలోచన బాగుంది. నాలాంటి వ్యాపారి మధ్యాహ్నం అన్నం వేళ చార్జింగ్ పెట్టుకుంటే గ్రిడ్‌కూ మేలు, జేబుకూ మేలు. కానీ నేను రెండేళ్లుగా దాచుకున్న బిల్లుల్లో ఒకే స్టేషన్‌లో మధ్యాహ్నం రెండింటికీ రాత్రి తొమ్మిదింటికీ ఒకటే రేటు ఉన్నవి చాలా ఉన్నాయి. చవక వేళ వచ్చే లాభం గేటు దగ్గరే ఆగితే, నేను నా ప్రయాణ వేళ ఎందుకు మార్చుకుంటాను? మండలి వారు ఈ రాయితీ ఇచ్చేటప్పుడు ఒక్క షరతు జోడిస్తే చాలు: పగటి రాయితీ తీసుకునే స్టేషన్ పగటి రేటు, రాత్రి రేటు విడివిడిగా బోర్డు మీద రాయాలి. టారిఫ్ ఆర్డర్‌లో అది ఒక పేరా.

ఇక్కడ నా తోటి కార్లవాళ్లలో చాలామందికి నచ్చని మాట ఒకటి అంటాను. రాష్ట్రమంతటా ఒకటే గరిష్ఠ ధర పెట్టేయమని వాళ్లు అడుగుతున్నారు. నేను అడగను. ఫాస్ట్ చార్జర్ పెట్టాలంటే లక్షలు కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, హోటల్ వాడికి స్థలం అద్దె కట్టాలి. కార్లు రోజుకు నాలుగు వచ్చినా నలభై వచ్చినా ఆ ఖర్చు తగ్గదు. ఎల్బీనగర్‌లో గిట్టే ధర నకిరేకల్ దగ్గర గిట్టదు. కొట్టు నడిపేవాణ్ని కాబట్టి నాకు ఈ లెక్క తెలుసు. ధర మరీ బిగిస్తే మిషన్ అక్కడే ఉంటుంది, గన్ మాత్రం పనిచెయ్యదు. ఇప్పటికే యాప్‌లో పచ్చచుక్క చూసి వెళ్తే అక్కడ సాలెగూడు కట్టిన మిషన్లు తగులుతున్నాయి. కాబట్టి పరిమితి పెట్టేది ప్రభుత్వ స్థలంలో ఉన్నవాటికి, సబ్సిడీ తీసుకున్నవాటికి పెట్టండి. ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్ల కోసమే 2,000 కోట్లు కేటాయించారు. ఆ సొమ్ముతో వచ్చే ప్రతి గన్‌కూ ఈ షరతు ఉండాలి. మిగతావాళ్లు వాళ్లకు గిట్టిన ధర పెట్టుకోనివ్వండి. 25 అంటారా, 25 అననివ్వండి. కానీ ఆ 25 జీఎస్టీతో కలిపి, రోడ్డు మీద నుంచి కనపడేంత అక్షరాల్లో, నేను ఇండికేటర్ వేసి లోపలికి తిప్పకముందే తెలియాలి. పెట్రోల్ బంకు ముందు రేటు బోర్డు ఉన్నట్టు.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. యూరప్ దేశాల్లో 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన నియమం ప్రకారం 50 కిలోవాట్లు, ఆపై సామర్థ్యం ఉన్న కొత్త చార్జర్లలో సభ్యత్వం లేకుండా వచ్చే కస్టమర్‌కు ధర యూనిట్ లెక్కనే చెప్పాలి, అదీ స్టేషన్ దగ్గరే కనపడాలి. బ్రిటన్ 2023లో తెచ్చిన నిబంధనలు కూడా యూనిట్‌కు ఇన్ని పెన్నీలు అనే చెప్పమంటాయి. పైగా ఇరవై నాలుగు గంటల ఉచిత హెల్ప్‌లైన్ ఉండాలంటాయి, ఫాస్ట్ చార్జర్ల నెట్‌వర్క్ 99 శాతం పనిచేస్తూ ఉండాలంటాయి. యాప్ లేకపోయినా మామూలు బ్యాంకు కార్డు తాకిస్తే డబ్బు కట్టించుకోవాలంటాయి.

ఆ చివరిది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. యూపీఐ మనది. మా కొట్టు ముందు మిర్చిబజ్జీల బండికి క్యూఆర్ ఉంది, గుడి హుండీ పక్కన క్యూఆర్ ఉంది. లక్షల మిషన్‌కు మాత్రం యాప్ వేసుకో, వ్యాలెట్ నింపు అంటారు. నల్లగొండ నుంచి విజయవాడకు పోయేటప్పుడు కొర్లపహాడ్‌లో ఒక టోల్, చిల్లకల్లులో ఇంకోటి. మధ్యలో రాష్ట్రమే మారిపోతుంది. అయినా అద్దానికి అంటించిన ఒకే ఫాస్టాగ్ రెండుచోట్లా పనిచేస్తుంది. అదే దారిలో చార్జింగ్ కోసం నా ఫోన్‌లో ఆరు యాప్‌లు ఉన్నాయి. ఆరు వ్యాలెట్లలో కలిపి మొన్న లెక్కేస్తే 1,140 రూపాయలు. ఆ రాత్రి కలిసిన క్యాబ్ డ్రైవర్‌వి అయితే రెండు వేలు దాటాయట. "చిట్టీ కట్టినట్టే అన్నా, గాని ఎత్తుకునే పాట మాత్రం రాదు" అన్నాడు.

ఒక కంపెనీ దగ్గర మాత్రమే ఖర్చుపెట్టుకోగల ఇలాంటి వ్యాలెట్‌కు రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు, దాంట్లోంచి నగదు తీసుకునే వీలూ ఉండదు. అంటే ఆ డబ్బు మీద బ్యాంకుల కాపలా లేదు. కానీ ఇక్కడ ఇంధన శాఖ చేతిలో ఒక పట్టు ఉంది. ప్రభుత్వ స్థలం ఇచ్చేటప్పుడు, డిస్కం కనెక్షన్ ఇచ్చేటప్పుడు, సబ్సిడీ విడుదల చేసేటప్పుడు ఒప్పందం రాస్తారు కదా. అందులో రెండు వాక్యాలు రాయించండి. యాప్ లేకుండా యూపీఐతో కట్టే వీలు ప్రతి గన్ దగ్గరా ఉండాలి. కరెంటు ఎక్కకపోతే పట్టి ఉంచిన డబ్బు అప్పటికప్పుడు, వచ్చిన ఖాతాకే తిరిగి పోవాలి. మన రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ టీజీరెడ్కో పిలిచే టెండర్లలో ఈ రెండు వాక్యాలుంటే సగం గొడవ ఉండదు.

ఒక విషయంలో మాత్రం నేను కంపెనీల పక్షమే. చార్జింగ్ అయిపోయాక కూడా కారు తియ్యకుండా లోపల బిర్యానీ తింటూ కూర్చునేవాళ్ల నుంచి నిమిషానికి ఇంతని వసూలు చెయ్యడం న్యాయం. వాళ్ల కోసం నేను నలభై నిమిషాలు ఎదురుచూసిన రోజులున్నాయి. కాకపోతే దాన్ని చార్జింగ్ బిల్లులో కలిపెయ్యకుండా వేరే వరసలో చూపించాలి, ముందుగా ఒక మెసేజ్ పంపాలి.

బిల్లు ఎలా ఉండాలంటారా? కరెంటు బిల్లు రాసిచ్చే మనిషి మా వీధికి నెలనెలా వస్తాడు. చేతిమిషన్‌లోంచి జానెడు కాగితం చింపి ఇస్తాడు. పాత రీడింగ్, కొత్త రీడింగ్, యూనిట్లు, రేటు, అన్నీ ఉంటాయి. మా అమ్మకు చదువు రాదు, అయినా పాత అంకె కొత్త అంకె పక్కపక్కన పెట్టి పోయిన నెల కాగితంతో పోల్చుకుంటుంది. చార్జింగ్ బిల్లులో కూడా గన్ పెట్టినప్పటి మీటర్ అంకె, తీసినప్పటి అంకె, గడిచిన సమయం, కరెంటు ధర, సేవా రుసుము, జీఎస్టీ ఉండాలి. మిషన్ నంబరు ఉండాలి. తేడా వస్తే ఏ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలో ఉండాలి. ఆ ఆఫీసు మీ ముగ్గురిలో ఎవరిదో మీలో మీరు తేల్చుకోండి, మాకు ఒక్క నంబర్ ఇస్తే చాలు.

ఈ రాష్ట్రం 2024 నవంబర్‌లో కొత్త పాలసీ తెచ్చి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. దాని తర్వాత మా వీధిలోనే ఇంకో రెండు ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. వాళ్లిద్దరూ ఊరు దాటాల్సి వస్తే ముందు రోజు నా దగ్గరికి వస్తారు, ఏ గన్ పనిచేస్తుంది, ఏ యాప్‌లో ఎంత వెయ్యాలి అని. కొట్టులో గిరాకీ వదిలి వాళ్లకు ఆరు యాప్‌లు చూపిస్తూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

ఈ లేఖతో పాటు రెండేళ్ల బిల్లుల్లో 41 ప్రింట్ తీసి మూడు ఆఫీసులకూ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కంపెనీల పేర్లు కొట్టేశాను, ఎవరి మీదా కక్ష లేదు. మండలి వారు ఈసారి టారిఫ్ మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు కబురు చెయ్యండి, కొట్టు మూసుకుని వస్తాను. రానిచ్చినా రానివ్వకపోయినా 29వ నంబరు వేసిన బిల్లు ఒక్కటి మాత్రం తీసి చూడండి. దాని మీద తేదీ ఉంది, 236 రూపాయలు ఉంది, ధన్యవాదాలు ఉంది. యూనిట్లు అన్నచోట ఖాళీగా ఉంది.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక ఎలక్ట్రిక్ కారు యజమాని